అమ్మగారికి విశ్వాసం పోలేదు బ్రదర్

వందనాలు బ్రదర్. క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్న మీ అమ్మగారు "ప్రార్థన రావట్లేదు, దేవుడు నన్ను వదిలేశాడు" అంటున్నారని, పైగా చూడ్డానికొచ్చిన బంధువులు విశ్వాసం తక్కువై స్వస్థత రాలేదంటున్నారని రాశారు. ముందు ఆ బంధువుల్ని మంచం దగ్గరకు రానివ్వకండి, మొహమాటం వద్దు.

"నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని సిలువ మీద యేసే కేకవేశాడు, అది 22వ కీర్తన మొదటి మాట, 88వ కీర్తనైతే చివరిదాకా చీకటే, అయినా అదీ ప్రార్థనే కదా. ఆవిడ బదులు ఈ కీర్తనలు మీరు చదవండి. మాటలు రానప్పుడు పరిశుద్ధాత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది, అది నెమ్మదిగా చెప్పండి, ప్రసంగంలా వద్దు.

గుంటూరులోనే ఉన్నారు కాబట్టి మీ సంఘం అయ్యగారిని (పాస్టరుగారిని) ఇంటికే పిలిచి ప్రభురాత్రి భోజనం (రొట్టె, ద్రాక్షారసం) ఇప్పించండి, మింగలేకపోతే చిన్న రొట్టె తునక చాలు. యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించమనీ అడగొచ్చు.

నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వాడితే విశ్వాసం లేనట్టు కాదు. నొప్పి తగ్గితేనే ఆవిడకి నాలుగు మాటలు వినే ఓపిక వస్తుంది, డాక్టరుతో ఇవాళే మాట్లాడండి.