ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరిన అమ్మాయి చేత రిజిస్టర్లే రాయిస్తున్నారు, ఏం చేయాలి?

అన్నా, మీ అమ్మాయి ఐటీఐ ఫిట్టర్ చేసి తిరుపతిలో అప్రెంటిస్‌గా చేరితే మూడు నెలలుగా స్టోర్స్‌లో రిజిస్టర్లే రాయిస్తున్నారని, గట్టిగా అడిగితే తీసేస్తారేమోనని రాశారు. పన్నెండేళ్ళ కిందట నాదీ ఇదే కథ. మాది చంద్రగిరి, పని రేణిగుంట వైపు.

నన్నెవరూ కసరలేదు. "గ్రీజులో నీకెందుకమ్మా, ఫ్యాన్ కింద కూర్చో" అన్నారు. వినడానికి ఎంత బాగుందో! ఆర్నెల్లు ఫ్యాన్ కిందే గడిచాయి. నాతో చేరిన అబ్బాయిలు అప్పటికి పంపులు విప్పి బిగిస్తున్నారు.

ఒకరోజు పట్టుబట్టి బెంచి దగ్గరికి పోతే ఇనుప ముక్క ఇచ్చి ఆకురాయితో సమంగా రాకమన్నారు. గంట రాకినా నడుమ ఉబ్బెత్తుగానే ఉంది. మూల మట్టం చూసే ట్రై స్క్వేర్ ఆనించి చూస్తే రెండు కొసల్లోనూ వెలుతురు. "చూశావా, ఆడపిల్లకి బలం చాలదు" అన్నాడు సూపర్‌వైజరు. పక్క బెంచి పెద్దాయన నన్నూ, ముక్కని బిగించి పట్టే వైసునీ ఎగాదిగా చూసి, "బలం కాదు మే, వైసు నీకు ఎత్తయింది. ఆ చెక్క కాళ్ళ కింద ఏసుకో" అన్నాడు. వైసు మోచేతి ఎత్తులో ఉండాలన్నది ఐటీఐలో మొదట్లో చెప్పిన పాఠమే. టెన్షన్‌లో నాకే తట్టలేదు. చెక్కెక్కాక ఆకురాయి తిన్నగా నడిచింది.

మా ఐటీఐలో కుట్టు ట్రేడులో చేరిన అబ్బాయిని కూడా ఏడిపించేవాళ్ళు. ఊళ్ళో టైలర్ కొట్లలో కూర్చునేది మగాళ్ళే కదా, అదేం విడ్డూరమో!

మీ అమ్మాయి సంగతికొస్తే, 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ ఎంతవరకు వచ్చిందో రికార్డు ఉంచాల్సింది యాజమాన్యమే. "మా ట్రేడ్ సిలబస్‌లో ఇవి ఉన్నాయి, రికార్డులో నా పేరున ఏం రాస్తున్నారు సార్?" అని ఆమె చేతే కాగితం రాయించి ఇప్పించండి. నేనలా రాశాకే మెషీన్ల దగ్గరికి పంపారు. మీరు మాత్రం వెళ్ళకండి. నాన్న వచ్చాడంటే మళ్ళీ చిన్నపిల్లని చేసేస్తారు. అప్పటికీ కదలకపోతే అప్రెంటిస్ ఒప్పందం తగాదాలు అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి దగ్గరికి వెళ్తాయి. ఎవరిని కలవాలో ఐటీఐలో అడగండి. ఎవడైనా వెకిలి వేషాలు వేస్తే, 2013 లైంగిక వేధింపుల చట్టం అప్రెంటిస్‌లకీ వర్తిస్తుంది.

స్టోర్స్ పని మొత్తం వృథా అని మాత్రం అనను. 6205 బేరింగ్ అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లని నాకు అక్కడే తెలిసింది. అందుకు ఒక నెల చాలు, మూడు నెలలెందుకు?