గదికి అడ్వాన్సు తీసుకునే ముందు: చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

దిండి దగ్గర ఇల్లు బాగుచేయించి, సెలవులకు వచ్చేవాళ్లకు మూడు గదులు ఇస్తానని నువ్వు చెప్పిన రోజు నుంచీ ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. పరుపుల గురించి, వంట గురించి, గోదావరి వైపు అరుగు గురించి నీకు సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. అడ్వాన్సు గురించీ, రద్దయిన బుకింగుల గురించీ చెప్పేవాళ్లు తక్కువ. పదహారేళ్లుగా నాలుగు గదులు నడుపుతున్న నాకు మాటపట్టింపులు వచ్చిందీ, నిద్ర పట్టని రాత్రులు గడిచిందీ ఎక్కువగా ఆ డబ్బు దగ్గరే.

మొదటి రెండేళ్లు నేను అడ్వాన్సే తీసుకోలేదు. ఇంటికి వచ్చే చుట్టాన్ని గుమ్మంలోనే డబ్బు అడిగినట్టు అనిపించేది. రెండో ఏడు సంక్రాంతికి నాలుగు గదులూ ఫోను మాట మీదే ఖాయం చేశాను. డిసెంబరంతా అడిగినవాళ్లకు లేవని చెప్పాను. భోగి సాయంత్రం రెండు కుటుంబాలు రాలేదు. పందేలకు దగ్గరగా ఉంటుందని భీమవరంలోనే దిగిపోయారట. ఒక్క ఫోను కూడా చేయలేదు. మూడు రాత్రులు రెండు గదులకు తాళాలు వేసే ఉన్నాయి. మన వైపు ఏడాది రాబడిలో పెద్ద వాటా ఆ మూడు రోజులదేనని నీకు తెలుసు కదా.

ఆ కోపంతో మరుసటి ఏడు రెండో కొసకు వెళ్లాను. మొత్తం డబ్బు ముందే కట్టాలి, ఏం జరిగినా తిరిగి ఇవ్వను అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. హైదరాబాదు నుంచి రావలసిన ఒకాయన, పండుగకు రెండు రోజుల ముందు తల్లిని ఆసుపత్రిలో చేర్చామని ఫోను చేశారు. నియమం నియమమే అన్నాను. మర్నాడే ఆ గది వేరేవాళ్లకు ఇచ్చాను. ఒకే గదికి, ఒకే రాత్రులకు ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నాను. నెల తర్వాత ఆయనకు మొత్తం తిరిగి పంపాను గానీ, ఆయన మళ్లీ మన ఇంటికి రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

అప్పుడు అర్థమైంది. అడ్వాన్సు రాబడి కాదు. వాళ్లు వచ్చి గదిలో పడుకునేదాకా అది మన దగ్గర ఉన్న వాళ్ల డబ్బు. వాళ్లు రాకపోతే మనకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో అంతవరకే అందులో మనకు హక్కు.

చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను ఉంది. ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, దానికి లోబడి సహేతుకమైన పరిహారమే దక్కుతుందని దాని సారాంశం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేనంత జరిమానా వేసే షరతును అన్యాయమైన ఒప్పందం కిందే చూస్తుంది. పొలాలు, స్థలాల బేరంలో మనవాళ్లు ఇచ్చే బయానా వేరు, గదికి తీసుకునే అడ్వాన్సు వేరు. 'బయానా పోయినట్టే' అనే మాట నీ నోట రానీయకు.

ఇక ఎంత తీసుకోవాలి? మామూలు రోజుల్లో ఎన్ని రాత్రులు ఉన్నా ఒక్క రాత్రి అద్దె చాలు. ఐదు రోజుల ముందు వరకు రద్దు చేసుకుంటే మొత్తం ఇచ్చేస్తాను, ముందు రోజు వరకు సగం ఇస్తాను, ఆ రోజే మానుకుంటే ఇవ్వను. ఈ ఐదు రోజుల లెక్క నా పుస్తకం చూసి పెట్టుకున్నది. శని ఆదివారాలకు మన గదులు అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆ వారంలోనే అడుగుతారు, అంటే ఐదు రోజులు చేతిలో ఉంటే గది మళ్లీ నిండుతుంది. నీ గదుల తీరు వేరుగా ఉండవచ్చు. ఒక ఏడాది రాసి చూసుకుని మార్చుకో.

సంక్రాంతి లెక్క వేరు. చివరి రోజుల్లో కూడా అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి గది నిండుతుందిలే అనుకుంటాం. కానీ వాళ్లు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి, ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోతామంటారు. మూడు రాత్రుల గది ఒక్క రాత్రికే పోతుంది. అందుకే పండుగకు సగం అద్దె ముందు తీసుకుంటాను. ఆ నియమం నేను ఫోనులో చెప్పి వదిలేయను, ఇలా రాసి పంపుతాను:

'జనవరి 13, 14, 15 మూడు రాత్రులకు ఒక గది. మొత్తం 15,000 రూపాయలు, ఇప్పుడు అడ్వాన్సు 7,500. డిసెంబరు 15 లోపు రద్దు చేసుకుంటే మొత్తం తిరిగి ఇస్తాం. జనవరి 5 లోపు అయితే 3,750 ఇస్తాం. ఆ తర్వాత అయితే, ఆ గది వేరేవాళ్లకు ఇవ్వగా మాకు వచ్చినంత మేరకు మీ అడ్వాన్సు తిరిగి ఇస్తాం. వరద, తుఫాను వల్ల మేము గది ఇవ్వలేకపోతే మొత్తం ఇచ్చేస్తాం. సమ్మతమైతే ఆ మాట రాసి పంపండి, తర్వాతే డబ్బు పంపండి.'

చివరి వాక్యం మరిచిపోవద్దు. డబ్బు వచ్చాక చెప్పిన షరతు షరతు కాదు. నాకు వచ్చిన గొడవల్లో సగం, 'ఈ సంగతి మాకు ముందు చెప్పలేదు' అన్న మాటతో మొదలైనవే. వాళ్లు అన్నది నిజం కూడా.

వరదల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మనది గోదావరి ఒడ్డు కనుక. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. లంకలు మునిగాయి, మా వీధిలోకి కూడా నీళ్లొచ్చాయి. ఆ వారం నాకు మూడు బుకింగులు ఉన్నాయి. వాళ్లు చేసేదాకా ఆగకుండా నేనే ఫోను చేసి, రావద్దని చెప్పి, ఆ పూటే మొత్తం డబ్బు పంపాను. ఆ ముగ్గురిలో ఒక కుటుంబం ఇప్పుడు ఏటా వస్తోంది. అప్పటి నుంచీ నాకొక కొలత ఉంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, రాగానే ఆ వారంలో రావలసిన ప్రతి ఒక్కరికీ ఫోను చేస్తాను. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి వార్తలు చూసుకుంటూ ఉంటే మనకు సమయం దొరుకుతుంది.

తుఫాను అయితే ఇంత తేటగా ఉండదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటింది. అంతకు రెండు రోజుల ముందే ఒకరు రామని ఫోను చేశారు. అప్పటికి చించినాడ వంతెన మీద బస్సులు తిరుగుతున్నాయి, నా గదులు సిద్ధంగా ఉన్నాయి. నేను ఇవ్వగలను, వాళ్లు రామంటున్నారు. అయినా మొత్తం ఇచ్చేశాను. వాతావరణ శాఖ మన జిల్లాకు రెడ్ హెచ్చరిక ఇచ్చాక పిల్లలతో బయలుదేరమని ఏ ముఖంతో చెబుతాం? నువ్వు కూడా ఆ హెచ్చరికనే గీతగా పెట్టుకో. ఆకాశం చూసి వాదించుకోవద్దు.

ఇలా ఉన్నపళంగా తిరిగి ఇవ్వాలంటే డబ్బు చేతిలో ఉండాలి. 2020లో నా దగ్గర లేదు. వేసవి సెలవులకని తీసుకున్న అడ్వాన్సులు 38,500 రూపాయలు మేడ మీద రేకుల కప్పుకు ఖర్చుపెట్టేశాను. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. వచ్చే ఏడు వాడుకోండి అని అందరినీ బతిమాలాను, కొందరు ఒప్పుకున్నారు. ఉద్యోగాలు పోయినవాళ్లు మాత్రం మా డబ్బు మాకివ్వండి అన్నారు. జూన్‌లో నానుతాడు కుదువపెట్టి కట్టాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా తెలియదు. నువ్వు ముందు బ్యాంకులో విడిగా ఒక ఖాతా తెరువు. అడ్వాన్సులన్నీ అందులోనే పడాలి. మనిషి వచ్చి గది తాళంచెవి తీసుకున్న రోజునే ఆ మొత్తం నీ ఇంటి ఖాతాకు మార్చుకో. తేదీ మార్చుకుంటారా, డబ్బు కావాలా అని వాళ్లనే అడుగు. ఒకటే దారి చూపించి బలవంతపెట్టకు.

తిరిగి ఇచ్చేటప్పుడు, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపు. 'మా తమ్ముడి నంబరుకు వేయండి' అంటే మర్యాదగానే కాదని చెప్పు. సైన్యంలో పనిచేస్తున్నామని, ఐదు గదులు కావాలని ఫోను చేసి, అడ్వాన్సు మీకు జమ కావాలంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటారు కొందరు. మనకు డబ్బు రావడానికి పిన్ను కొట్టవలసిన పని ఎప్పుడూ ఉండదు. ఇంకొందరు 2,000కు బదులు పొరపాటున 20,000 పంపామని, మిగతాది వెంటనే తిప్పి పంపమని తొందరపెడతారు. ఫోనుకు వచ్చిన సందేశం నమ్మకు, ఖాతా తెరిచి చూడు. మోసపోయావని తెలిస్తే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యి.

బుకింగ్ యాప్‌ల ద్వారా వచ్చేవాళ్లకు ఆ యాప్‌లో నువ్వు ఎంచుకున్న రద్దు నియమమే వర్తిస్తుంది, కాబట్టి నువ్వు ఫోనులో చెప్పేదీ అదీ ఒకటిగా ఉండేలా చూసుకో. ఫోనులో గది ఖాయం చేసిన నిమిషంలోనే యాప్‌లో ఆ తేదీలు మూసెయ్యి. ఒకే గదికి ఇద్దరు వస్తే ఆ తప్పు నూటికి నూరుపాళ్లు నీది. అంతకు తగ్గని గది నువ్వే వెతికి, ఎక్కువైన అద్దె నువ్వే కట్టాలి. గదిలో వస్తువులు పాడవుతాయేమోనని వేరే డిపాజిట్టు మాత్రం అడగకు. పగిలిన గ్లాసుల కన్నా ఆ అడగడం వల్ల పోయే మర్యాద ఎక్కువ.

రద్దయినప్పుడు ఉంచుకున్న డబ్బు కూడా రాబడి కిందే లెక్కకు వస్తుంది. దాన్ని విడిగా రాసి ఆడిటరుకు చూపించు.

నా అడ్వాన్సు పుస్తకంలో డబ్బు వచ్చిన తేదీ, ఎవరు, ఏ రాత్రులకు, ఎంత, లావాదేవీ నంబరు, తిరిగి ఇచ్చిన తేదీ, గది మళ్లీ నిండిందా లేదా అనే గడులు ఉంటాయి. ఆ చివరి గడి తప్పక పెట్టుకో, వచ్చే ఏడు నియమం మార్చుకోవాలంటే అదే నీకు ఆధారం. దసరా సెలవుల్లో ఒక పూట వస్తే పాత పుస్తకాలన్నీ తీసి పెడతాను, కూర్చుని చూద్దాం. ఖాతా తెరిచిన రోజు నాకు ఫోను చెయ్యి. అంతవరకు ఎవరి దగ్గరా రూపాయి అడ్వాన్సు తీసుకోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ