ఉపమానాలు నిజంగా జరిగిన సంఘటనలా?

యేసు చెప్పిన ఉపమానాలు నిజంగా జరిగాయా, జరగకపోతే మిగతా బైబిలును ఎలా నమ్మాలి అని అడిగారు. మొదటిదానికి నా జవాబు సూటిగానే చెబుతాను: అవి బోధ కోసం చెప్పిన కథలు. కలవరమంతా రెండో ప్రశ్నలోనే ఉంది.

మా సంఘంలో చాలాకాలంగా బైబిలు తరగతి నడుపుతున్నాను. తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఉన్న లూకా 15వ అధ్యాయం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. ఒక పెద్దాయన అయితే, "తప్పిపోయిన కుమారుడు కల్పితమని ఒప్పుకుంటే, రేపు యేసు చనిపోయి తిరిగి లేచిన పునరుత్థానం కూడా కల్పితమే అంటారు" అని గట్టిగా పట్టుబట్టారు. ఆయన భయం విశ్వాసం మీద ప్రేమ వల్ల పుట్టిందే. అందుకే వాదనకు దిగకుండా అందరం లూకా 13వ అధ్యాయం తెరిచాం. అక్కడ యేసు యెరూషలేములోని సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తుతాడు. అది వింటున్నవారికి తెలిసిన దుర్ఘటన. చోటు పేరుంది, చనిపోయినవారి లెక్కుంది. ఆ వెంటనే "ఆయన ఈ ఉపమానము చెప్పెను" అంటూ లూకా కాయని అంజూరపు చెట్టు కథ మొదలుపెడతాడు. తోట ఎవరిదో, ఎక్కడ ఉందో ఏమీ ఉండదు. ఏది సంఘటనో ఏది ఉపమానమో రాసినవాడే వేరు చేసి చూపిస్తున్నాడు. ఇక పునరుత్థానం సంగతి చూడండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తొలి క్రైస్తవ బోధకుడు పౌలు సాక్షుల పేర్లు చెబుతాడు, తిరిగి లేచిన యేసును ఒకేసారి 500 మందికి పైగా చూశారని, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని అంటాడు. ఉపమానం చెప్పేవారెవరూ అలా సాక్షులను పిలవరు.

కథలన్నంత మాత్రాన గాలిలోంచి పుట్టాయనుకోకండి. దొంగలు కొట్టి పడేసిన బాటసారిని ఆదుకున్న మంచి సమరయుడి కథలోని దారి నిజమైనదే. యెరూషలేము నుంచి యెరికోకు 30 కిలోమీటర్లలోపు దూరంలోనే దాదాపు వెయ్యి మీటర్లు దిగిపోతుంది. దొంగలు పొంచి ఉండడానికి అనువైన కొండదారి. మినాల (అప్పటి డబ్బు లెక్క) ఉపమానంలో ఒక రాజకుమారుడు రాజ్యం సంపాదించుకోవడానికి దూరదేశం వెళితే, ప్రజలు అతడు మాకు వద్దని వెనకాలే రాయబారం పంపుతారు. క్రీస్తుపూర్వం 4లో యూదయ రాజు హేరోదు చనిపోయాక అతని కొడుకు అర్కెలాయు రోముకు వెళ్లినప్పుడు అచ్చంగా ఇలాగే జరిగిందని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. వినేవారికి అది గుర్తుకు రాకుండా ఉంటుందా?

కొన్నిచోట్ల మాత్రం కథ కావాలనే హద్దు దాటుతుంది. మత్తయి 18లో ఒక రాజు తన దాసుడి పెద్ద అప్పు క్షమిస్తే, ఆ దాసుడు తనకు నూరు దేనారాలే బాకీ ఉన్న తోటిదాసుణ్ణి క్షమించడు. అతని అప్పు పదివేల తలాంతులు. ఆనాటి డబ్బులో దేనారం ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే ఆరు కోట్ల రోజుల కూలి! ఒక్క రోజు మానకుండా పనిచేసినా లక్షా అరవై వేల ఏళ్లు దాటుతుంది. అంత అప్పు ఒక దాసుడికి ఎలా పుట్టిందని తలపట్టుకుంటే, తోటిదాసుడి నూరు దేనారాల మీద చూపు పడదు. కథ ఉన్నది ఆ నూరు దేనారాల కోసమే.

నా మనసులో ఈ ప్రశ్నను స్థిరపరిచింది మాత్రం పాత నిబంధన. రెండో సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికి వచ్చి, ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నాడని చెబుతాడు. దావీదు దాన్ని నిజంగా జరిగిన నేరమనే అనుకున్నాడు. మండిపడ్డాడు, మరణశిక్ష అన్నాడు, నాలుగింతలు తిరిగి ఇవ్వాలన్నాడు. అది ఎవరో పరాయివాడి సంగతి అనుకున్నంతసేపూ తాను లోబరచుకున్న బత్షెబ, తాను చంపించిన ఆమె భర్త ఊరియా అతనికి గుర్తుకు రాలేదు. "ఆ మనుష్యుడవు నీవే" అని నాతాను అన్నాకే కూలిపోయాడు. అలాంటి ధనవంతుడు, అలాంటి గొర్రెపిల్ల ఎక్కడా లేకపోవచ్చు. అయినా నాతాను అబద్ధమాడాడని ఎవరం అనం. దావీదు కూడా అనలేదు, "నేను పాపము చేసితిని" అన్నాడు.

ఇక లూకా 16లోని ధనవంతుడు–లాజరు కథ. వాకిట పడి ఉన్న బీదవాడు లాజరును పట్టించుకోని ధనవంతుడు, చనిపోయాక మంటలో యాతనపడతాడు; ఇద్దరి మధ్యా దాటలేని అగాధం ఉంటుంది. దీని దగ్గర నిజాయితీగా భిన్నాభిప్రాయాలున్నాయి. అక్కడ ఉపమానమన్న మాట లేదు. పైగా యేసు చెప్పిన కథల్లో పేరున్న బీదవాడు లాజరు ఒక్కడే. అందుకే దాన్ని జరిగిన సంగతిగా నమ్మేవారు మా తరగతిలోనూ ఉన్నారు. నేను ఉపమానమనే అనుకుంటాను. అదే అధ్యాయం మొదట్లోని గృహనిర్వాహకుడి కథ కూడా ఒక ధనవంతుడితోనే మొదలవుతుంది, దాని మీదా ఉపమానమన్న పేరు ఉండదు. అగాధం ఎంత వెడల్పు, మంట ఎలాంటిది అంటూ ఆ కథలోంచి మరణం తర్వాతి లోకానికి పటం గీయడం నాకు నచ్చదు. వాకిట పడి ఉన్నవాణ్ణి రోజూ చూస్తూనే దాటిపోయిన మనిషి గురించి యేసు మాట్లాడుతున్నాడు. ఈ విషయంలో నాతో విభేదించేవారు కూడా ఆ మాట కాదనరు.