వయొలిన్ పట్టిన చేతికి కుంచె లొంగుతుందా?

ప్రశ్న: ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించి ఈమధ్యే రిటైరయ్యాను. కొండలు, మబ్బులు, నీళ్లు వెయ్యాలని కోరిక. ఫొటో చూసి వేస్తే పోలిక వస్తుంది గానీ ప్రాణం ఉండదు. మనసుకు తోచినట్టు వేస్తే రంగులన్నీ కలిసి బురదైపోతాయి. ఈ వయసులో ఇదంతా దండగేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: వయసు గురించి బెంగ వద్దు. అమెరికన్ గాయకుడు టోనీ బెన్నెట్ పాడినన్నాళ్లూ బొమ్మలు వేశాడు. అసలు ఇంటిపేరు బెనెడెట్టోతో సంతకం చేసేవాడు. ఆయన వేసిన సెంట్రల్ పార్క్ బొమ్మ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

మీరు వెతికి చూడాల్సింది మాత్రం లిథువేనియా స్వరకర్త చుర్లియోనిస్‌ను. 1907లో సముద్రం మీద పెద్ద ఆర్కెస్ట్రా రచన పూర్తిచేశాడు. మరుసటి ఏడాది అదే సముద్రాన్ని మూడు బొమ్మలుగా వేసి సంగీత రచనలో భాగాలకు పెట్టినట్టే అల్లెగ్రో, అందాంతే, ఫినాలే అని పేర్లు పెట్టాడు. ఫినాలేలో చిన్న చిన్న పడవల మీదికి ఒక మహా కెరటం లేస్తుంది. దాని నురగలో ఆయన పేరు పొడి అక్షరాలు కనిపిస్తాయి. నాకెంతో ఇష్టమైన బొమ్మ అది.

ఇక మీ బురద సంగతి. ట్యూబులన్నీ పక్కన పెట్టండి. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, తెలుపు చాలు. ఆ నీలం, ఆ గోధుమ కలిపితే వచ్చే బూడిద రంగుల్లోనే వాన మబ్బు మొత్తం ఉంటుంది. నీలం ఎక్కువైతే చల్లగా, గోధుమ ఎక్కువైతే వెచ్చగా కనబడుతుంది. కింద పూత ఆరకముందే దాని మీద రుద్దకండి. కళ్లు సగం మూసి చూసి, ఎక్కడ బాగా చీకటి, ఎక్కడ బాగా వెలుగు అన్నది ముందే తేల్చుకోండి. శ్రుతి కుదరందే వాయించరు కదా, ఇదీ అంతే.

మీకు తెలియకుండానే మీ దగ్గరున్న ఆస్తి కుడి చెయ్యి. కమాను ఎంత నొక్కాలి, ఎంత వేగంగా లాగాలి, తీగను ఎక్కడ తాకాలి అన్నదాన్ని బట్టే నాదం మారుతుందని మీకు ఒకరు చెప్పక్కర్లేదు. కుంచె కూడా అంతే. పెద్ద ఫ్లాట్ బ్రష్ తీసుకుని, నిలబడి, భుజం నుంచి ఒక్క గీత లాగండి. రంగు నిండుగా మొదలై, చివర పొడిపొడిగా చీలి, కాగితం గరుకు కనబడుతుంది. ఆ చీలికే గాలి, ఆ చీలికే నీటి మీద మెరుపు. సరిచెయ్యడానికి మళ్లీ దాని మీదికి వెళ్లారో, పోయినట్టే. వేళ్లతో సన్నగా గీసుకునే అలవాటు మీకు పడకపోవడం అదృష్టమనే అంటాను.

ఫొటో మానెయ్యండి. బయటికెళ్లి బొగ్గు ముక్కతో అరచేతంత స్కెచ్ వేసుకోండి, నలుపు, బూడిద, తెలుపు అంతే. ఇంటికొచ్చి జ్ఞాపకంతో వెయ్యండి. గంటల కొద్దీ సంగీతాన్ని గుర్తుంచుకున్నవారు, ఒక కొండను గుర్తుంచుకోలేరా?

వేసినవి నాకు పంపండి, బురదైనవి కూడా. ఎక్కడ ఆపి ఉండాల్సిందో వాటిలోనే బాగా చూపించగలను.