ఇంగ్లిష్ దిద్దించుకున్నా తప్పేనా?

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పేపర్ నేనే రాసి, ఇంగ్లిష్ మాత్రం చాట్‌జీపీటీతో దిద్దించుకున్నాను. ఆ మాట ఎక్కడా చెప్పొద్దంటున్నారు సీనియర్లు. డిటెక్టర్‌లో పెడితే సగానికి పైగా ఏఐ రాసిందనే వచ్చింది. ‘హ్యూమనైజర్’తో ఇంకోసారి తిరగరాయిస్తే అది పోతుందట. వాడమంటారా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: హ్యూమనైజర్ జోలికి మాత్రం పోకండి. ఇలా మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ల పుణ్యమా అని ‘బ్రెస్ట్ క్యాన్సర్’ కాస్తా అర్థంలేని ‘బూజమ్ పెరిల్’ (రొమ్ము ప్రమాదం)గా మారి జర్నళ్లలో అచ్చయింది, 2021లో కొందరు పరిశోధకులు ఇలాంటివి వెతికి బయటపెట్టారు కూడా. మీది కెమిస్ట్రీ, అందులో ఒక్క పదం మారినా ప్రయోగమే మారిపోతుంది.

ఇక డిటెక్టర్ సంగతి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీయే సొంత డిటెక్టర్‌ని సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో మూసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాల్లో సగానికి పైగా ఏఐవేనని డిటెక్టర్లు తేల్చినట్టు అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. కాబట్టి ఆ అంకె చూసి నిద్ర పాడుచేసుకోకండి, మీ చేతి డ్రాఫ్టులు, ల్యాబ్ నోట్‌బుక్ మాత్రం భద్రంగా దాచుకోండి, రేపు ఎవరైనా అడిగితే చూపించాల్సినవి అవే. అన్నట్టు, యూజీసీ 2018 నిబంధనల్లోని 10 శాతం లెక్క వేరు. అది మీ రాత వేరేవాళ్ల రాతతో ఎంత కలుస్తోందన్న దాని గురించి, ఏఐ గురించి కాదు. రెండూ కలిపేసుకుని భయపడేవాళ్లను చాలామందిని చూస్తున్నాను.

భాష దిద్దించుకోవడం తప్పు కాదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు ఇంట్లోనే దొరికిన సాయం మీకు ఇప్పుడు దొరికింది, అంతే. దాచడం దగ్గరే చిక్కొస్తుంది. భాష దిద్దడం వరకైతే ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదని జర్నళ్లు అచ్చువేసే స్ప్రింగర్ నేచర్ సంస్థ అంటుంది, స్పెల్లింగ్, గ్రామర్ చూసుకోవడం దాటితే చెప్పాల్సిందేనని అలాంటిదే మరో సంస్థ ఎల్సెవియర్ అంటుంది. మీరు పంపే జర్నల్ సూచనలు చదవండి, అప్పటికీ అనుమానముంటే ఏ టూల్ దేనికి వాడారో రెండు వాక్యాల్లో రాసేయండి.

రిఫరెన్సులు మాత్రం చాట్‌జీపీటీని అడక్కండి. లేని పేపర్‌కి పేరు, ఏడాది, డీఓఐ (పేపర్ గుర్తింపు నంబరు) అన్నీ పెట్టి ఒక్కోసారి ఇచ్చేస్తుంది. దిద్దిన ప్రతి వాక్యాన్నీ మీ డేటాతో సరిచూడండి, ‘మే’ (కావచ్చు) అని మీరు రాసినచోట ‘డస్’ (అవుతుంది) చేసేసి మీరు అనని మాట ఒక్కోసారి అనిపిస్తుంది.

పంపేముందు మీ గైడ్‌కి చెప్పండి. పేపర్ మీద ఆ పేరూ ఉంటుంది కదా.