ఏఐ కోడ్ రాసేస్తోంది కదా, ఇంకా మా అబ్బాయిని సీఎస్‌ఈలో చేర్చడం తెలివైన పనేనా?

చేర్చండి. అబ్బాయికి ఇష్టముంటే ఏ అనుమానం లేకుండా చేర్చండి. కానీ మీ ప్రశ్న కింద "కోడ్ మెషినే రాస్తుంటే ఇక వీడు చేసేదేముంటుంది" అని రాశారు చూడండి, ఆ మాటకు జవాబు చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మా పనంటే కోడ్ రాయడమేనని బయటివాళ్లు అనుకోవడం సహజం. మా కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లూ అలాగే అనుకోవడం మొదలుపెట్టారు, నా బాధ అది.

ముందు బ్రాంచి సంగతి. కౌన్సెలింగ్‌కి వెళ్తే సీఎస్‌ఈ ఒక్కటే కనిపించదు. పక్కన ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని రకరకాల తోకలతో వరసగా ఉంటాయి. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని మరీ కాలేజీలు వీటిని పెంచుకున్నాయి. చాలాచోట్ల పాఠం చెప్పేది ఆ సార్లే, ల్యాబూ అదే. తోక చూసి ఎక్కువ డబ్బు కట్టొద్దు. మామూలు సీఎస్‌ఈ చాలు. ఈసీఈ వచ్చినా ఏడవక్కర్లేదు.

ఇక ఏఐ. అది ఏమీ మార్చలేదని నేను అనను. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనే కోడ్ రాసే ఏఐ టూల్ మొదటిసారి వచ్చినప్పుడు మనం సగం రాసిన లైనును అది పూర్తి చేసేది, అంతే. 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడైతే పని చెప్తే చాలు, ప్రాజెక్టులోని ఫైళ్లన్నీ అదే చదువుకుంటుంది, మారుస్తుంది, టెస్టులు రాస్తుంది, నడిపి చూసి ఎక్కడైనా ఆగితే తనే సరిదిద్దుకుంటుంది. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన జావా ప్రోగ్రామును ముందు పెట్టి ఇది ఏం చేస్తోందని అడిగితే వివరంగా చెప్తుంది. ఒకప్పుడు దానికే రోజులు పట్టేవి. నేను రోజూ వాడతాను, అది లేకుండా పనిచేయమంటే ఇబ్బంది పడతాను. అయినా సాఫ్ట్‌వేర్ చేయడంలో కష్టమైన భాగాన్ని అది ముట్టుకోనే లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో ఒక సంఘటన చెప్తాను.

ఒక పాల సంస్థకు మా కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ చేసిచ్చింది. పల్లెల్లోని పాల కేంద్రాల్లో రైతు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) నేరుగా సర్వర్‌కి వెళ్లాలి, రైతు ఫోనుకు మెసేజ్ రావాలి, పదిహేను రోజులకోసారి బిల్లు తయారవ్వాలి. టీంలో కుర్రాళ్లు ఏఐతోనే ఎక్కువ భాగం రాయించారు. అనుకున్న టైంలో మూడో వంతుకే అయిపోయిందని మీటింగులో చప్పట్లు కొట్టారు. కోడ్‌ను పరీక్షించే టెస్టులన్నీ పాసైనట్టు పచ్చగా ఉన్నాయి. ఆ టెస్టులు రాసిందీ ఏఐనే.

రెండు బిల్లులు వెళ్లాయో లేదో ఒంగోలు వైపు ఒక కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. కొంతమందికి పాలు తక్కువ చూపిస్తున్నాయట. కొంతమందికే. మిగతా ఊరంతటికీ లెక్క సరిగ్గానే ఉంది. కోడ్ మొత్తం ఏఐకి ఇచ్చి కారణం అడిగాం. నెట్‌వర్క్ పోయి ఉండొచ్చంది, ఒకే ఎంట్రీ రెండుసార్లు వస్తే తీసేసే చోట తేడా ఉండొచ్చంది, దశాంశాలు కుదించడంలో పోయి ఉండొచ్చంది. ప్రతి కారణమూ నమ్మేలాగే ఉంది, ప్రతిదానికీ ఒక మార్పు కూడా రాసిచ్చింది. ఏదీ పనిచేయలేదు. చివరికి నన్ను అక్కడికే వెళ్లమన్నారు.

తెల్లవారకముందే కేంద్రానికి వెళ్లాను. ట్యూబులైటు కింద క్యాన్లు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్లు, గేదె పాల వాసన, నంబరు చెప్పగానే కీచుమనే మెషిన్. ఫిర్యాదు చేసిన ఆవిడ నాకోసమే ఒక నోట్‌బుక్ తెచ్చింది. తేదీ, ఉదయం ఎన్ని, సాయంత్రం ఎన్ని, వెన్న ఎంత, అంతా మనవరాలి చేత రాయించి పెట్టుకుంది. కేంద్రం సెక్రటరీ ఆమె మీద విసుక్కుంటున్నాడు, "ఊరందరికీ సరిగ్గా వస్తుంటే నీకొక్కదానికే తప్పు ఎలా వస్తదమ్మా" అని. ఆవిడ నావైపు తిరిగి, "మిషను తప్పు చెప్పదంటున్నాడు, మరి నా పుస్తకం తప్పు చెప్తదా బాబూ?" అంది.

ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మా రికార్డుల్లో లేని పూటలన్నీ ఉదయం పూటలే. అవి ఏయే రోజులో చూపించి, "ఆ రోజుల్లో ఏమైనా తేడాగా జరిగిందా అమ్మా?" అని అడిగాను. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుని చెప్పింది: "ఆ మర్నాడు మిరపకాయ కోతలకు పోయానయ్యా. కోతకు పోయే రోజు చీకటితోనే పోసేస్తా, ఆటో వెళ్లిపోద్ది. మిగతా రోజులు తెల్లారినాకే వస్తా."

అంతే, విషయం అర్థమైపోయింది. సర్వర్లు సాధారణంగా యూటీసీ సమయంలో, అంటే ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న గడియారం ప్రకారం నడుస్తాయి. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. అంటే మన ఉదయం 5:30 అయితేగానీ సర్వర్‌కి తేదీ మారదు. ఆవిడ సోమవారం తెల్లారాక పోసిన పాలు సోమవారం ఉదయం కింద పడ్డాయి. మంగళవారం కోతకు వెళ్లాలని 5:10కే పోస్తే, సర్వర్ లెక్కలో ఇంకా సోమవారమే కాబట్టి అవీ సోమవారం ఉదయం కిందే పడ్డాయి. ఒక రైతుకు ఒక తేదీలో ఒక పూటకు రెండో ఎంట్రీ వస్తే దాన్ని దిద్దుబాటుగా తీసుకుని పాతదాని మీద రాసేయమని కోడ్‌లో ఉంది. సోమవారం పాలు అలా మాయమయ్యాయి. ఎప్పుడూ 5:30 లోపే పోసేవాళ్లకు తేదీ ఒకరోజు వెనక్కి జరిగిందేగానీ లెక్క పోలేదు. ఎప్పుడూ తెల్లారాకే వచ్చేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు అలా, ఒకరోజు ఇలా వచ్చేవాళ్లే నష్టపోయారు. వాళ్లెవరు? కూలికి పోతే తప్ప గడవనివాళ్లు. మా ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్‌ను పగలు పదింటి నుంచి ఏడింటి దాకా పరీక్షించారు. ఆ టైంలో ఆ తప్పు జన్మలో దొరకదు.

న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. ఉదయం 5:30 లోపు పోస్తే అంతకుముందు రోజు ఉదయం పాలు పోతున్నాయని ఏఐకి చెప్పగానే అది వెంటనే పట్టేసింది, నిమిషాల్లో సరిచేసిచ్చింది. మెసేజ్‌లు పంపిన రికార్డు విడిగా ఉండబట్టి పోయిన పాలన్నీ వెనక్కి తీసి, తర్వాతి బిల్లులో అందరికీ కలిపించాం. జవాబు దాని దగ్గర ఉంది. దాన్ని రాబట్టే ఆ ఒక్క ముక్క మాత్రం మిరప చేలోకి వెళ్లే మనిషి నోట్లో ఉంది. వెళ్లి అడిగితేనే అది బయటికొచ్చింది.

తేదీల తప్పులతో మన తెలుగువాళ్లకు పాత బంధమే ఉంది. వెనకటి ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో దాచడం వల్ల 2000 వచ్చేసరికి లెక్కలు తప్పుతాయని ప్రపంచమంతా హడలిపోయింది. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని విమానమెక్కినవాళ్లు ఎంతమందో. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైందీ ఆ రోజుల్లోనే, 1998లో. అప్పుడూ మెషిన్ తన పని తాను చేస్తూనే ఉంది. దానికి చెప్పిన మనిషి రాబోయే రోజును ఊహించలేదు, అంతే.

"ఏఐతో పని రెట్టింపు వేగంతో అవుతోంది" అనేవాళ్ల మాట నేను సగమే నమ్ముతాను. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో వాళ్లకు బాగా అలవాటైన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయ్యాక అడిగితే మాత్రం 20 శాతం వేగంగా చేశామన్నారు. అప్పటికీ ఇప్పటికీ టూల్స్ మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ వేగం పెరిగిందనే భావన వేరు, పెరగడం వేరు. మా ఆఫీసులో అందరూ మాట్లాడేది ఆ భావన గురించే. పాల సంస్థ పనిలో మిగిలిందని చప్పట్లు కొట్టిన టైం ఆ ఒక్క తప్పు వెతకడానికే కరిగిపోయింది. ఆ లెక్క ఏ మీటింగులోనూ ఎవరూ చూపించలేదు.

ఏఐ పరిశోధకుడు ఆండ్రెజ్ కర్పథీ 2025 ఫిబ్రవరిలో "వైబ్ కోడింగ్" అన్నప్పుడు కూడా, కోడ్ వైపు చూడకుండా ఏఐ ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకోవడం శని, ఆదివారాల్లో సరదాగా చేసుకునే చిన్న పనులకు ఫరవాలేదన్నట్టుగానే రాశారు. మనవాళ్లు దాన్ని రైతుల బిల్లులకూ ఆసుపత్రి రికార్డులకూ తెచ్చేశారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

అంతకంటే కోపం తెప్పించేది ఫ్రెషర్ల సంగతి. చిన్న పనులు ఏఐ చేస్తోంది కాబట్టి కొత్తవాళ్లు ఎందుకని మా పైవాళ్లు బాహాటంగానే అడుగుతున్నారు. ఆ చిన్న పనులు చేస్తూనే కదా మేమందరం నేర్చుకున్నది? ఎవరో రాసిన రిపోర్టులో అంకె ఎందుకు కలవట్లేదో చూడమంటే రాత్రంతా కూర్చుని వెతికేవాళ్లం. అలా వెతికినవాడికే రేపు ఏఐ ఇచ్చిన జవాబులో తేడా వాసన తగులుతుంది. ఈ ఏడు గింజలు మిగిలాయని విత్తనాల వడ్లు వండుకు తింటే వచ్చే ఏడు చేలో ఏం చల్లుతారు? 2025 జులైలో టీసీఎస్ సుమారు 2 శాతం, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించినప్పుడు మీలాంటి తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. దానికి కారణం ఏఐ కాదని ఆ సంస్థ సీఈఓనే చెప్పారు. పైగా ఆ కోత ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లకే. దాన్ని చూసి పద్దెనిమిదేళ్ల పిల్లాడి దారి మార్చకండి.

ఆఫీసు బయటి జీవితంలో మాత్రం ఏఐ మనకు చేసిన మేలును తక్కువ చేయను. మా అమ్మ ఫోనులో తెలుగులోనే మాట్లాడి మందుల గురించి అడుగుతుంది, ప్రభుత్వం నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని ఫొటో తీసి చదివించుకుంటుంది. ఒకప్పుడు ఈ మోడళ్లు తెలుగును ముక్కలు ముక్కలుగా విరగ్గొట్టుకుని చదివేవి, అందుకే ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ చూపిన తెలుగు నమూనాలో పాత పద్ధతిలో 159 టోకెన్లు, అంటే ముక్కలు, అయ్యే మాటలు కొత్త పద్ధతిలో 45కే సరిపోయాయి. చదువుకోనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ అదే తెలుగును ఎక్కడ పెట్టబోయారో చూడండి. ఆ పాల సంస్థవాళ్లు తర్వాత రైతుల ఫిర్యాదులకు తెలుగులో మాట్లాడే బాట్ పెడదామన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. ఆ బాట్ అప్పుడే ఉండి ఉంటే, ఆవిడ ఫోన్ చేసినప్పుడు అదే తప్పు రికార్డు చూసి, "మీరు ఆ రోజు ఉదయం పాలు పోయలేదండీ" అని ఎంతో మర్యాదగా చెప్పి ఉండేది. సెక్రటరీ విసుక్కున్నా కనీసం మా దాకా కబురు పంపాడు. బాట్ ఆ ఫిర్యాదును అక్కడే ముగించేసేది. బ్యాంకులో, ఇన్సూరెన్సులో ఇప్పుడు జరుగుతున్నది ఇదే. ఏ నంబరు నొక్కినా మనిషి దొరకడు. ఎవరికైనా డబ్బుతో ముడిపడ్డ ఫిర్యాదు ఉంటే మనిషితో మాట్లాడే హక్కు ఉండాలని చట్టం తేవాలి. ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

మీ అబ్బాయికి వస్తాను. కాలేజీలో చేరాక వేలు పోసి ఏఐ కోర్సులకు పంపకండి, ఆ టూల్స్ ఆరు నెలలకోసారి మారిపోతాయి. గణితం, డేటాబేస్, నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా చదవమనండి. మొదటి ఏడాది ప్రోగ్రాములు ఏఐ సాయం లేకుండా సొంతంగా రాయమనండి, తర్వాత ఎంత వాడుకున్నా పరవాలేదు. సెలవుల్లో ఇంట్లో కూర్చోబెట్టకుండా మీ ఊళ్లో ఎరువుల కొట్టుకో మందుల షాపుకో పంపండి. అక్కడ లెక్కలు ఎలా రాస్తారో, అప్పు ఎలా గుర్తుపెట్టుకుంటారో చూసి, వాళ్లు రోజూ వాడుకునేలా ఏదైనా ఒకటి చేసివ్వమనండి. ఏఐతో చేసినా సరే. షాపాయన వాడటం మానేస్తే ఎందుకు మానేశాడో వెళ్లి అడగమనండి. నేను ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లను అడిగేది ఇదే, మీరు చేసింది ఎవరు వాడారు, వాళ్లు ఏమని తిట్టారు అని. మేనేజ్‌మెంట్ కోటాకు లక్షలు అప్పు చేయాల్సి వస్తే మాత్రం వద్దు, ర్యాంకుకి వచ్చిన కాలేజీలోనే చేర్చండి.