బస్సు డ్రైవర్‌కి హోమియో మందు వల్ల బ్రీత్ ఎనలైజర్‌లో పాజిటివ్ వస్తుందా?

విజయవాడ డిపోలో డ్యూటీ ఎక్కే ముందు ఊదించినప్పుడు ఇలా జరిగితే ఏం చేయాలని అడిగారు.

వస్తుంది. చాలా హోమియో ద్రవాల్లో, కొన్ని దగ్గు సిరప్‌లలో, మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది. అయితే అది నోటిలో మిగిలిన తడి మాత్రమే. నీళ్లతో పుక్కిలించి, ఏమీ తినకుండా పదిహేను, ఇరవై నిమిషాలు ఆగితే పోతుంది. కాబట్టి అంతసేపు ఆగాక మళ్లీ ఊదించమని, అప్పటికీ తేడా ఉంటే రక్తపరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడకండి, ఉద్యోగం సంగతి ఇది.

చట్టం ప్రకారం హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద అది దాటి బండి నడిపితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సంస్థ తీసుకునే శాఖాపరమైన చర్య దీనికి వేరు.

నాకు ఎక్కువ భయం మందు సంగతి కాదు, రాత్రి తాగి పొద్దున్నే డ్యూటీకి వచ్చేవాళ్ల గురించి. శరీరం 100 మి.లీ. రక్తంలో గంటకు సుమారు 15 మి.గ్రా. ఆల్కహాల్ మాత్రమే తగ్గిస్తుంది. రాత్రి 11కి క్వార్టర్ ముగించినవాడు తెల్లవారుజామున 5కి, నిద్రపోయి లేచినా సరే, 30 దాటి ఉండొచ్చు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ లెక్కను మార్చవు.

గంజాయి ఈ మిషన్‌కి దొరకదు. దానికి లాలాజలం లేదా మూత్ర పరీక్ష కావాలి. మూత్రంలో రోజుల తరబడి కనిపిస్తుంది కనుక, అది ఒక్కటే ఆ పూట మత్తులో ఉన్నాడనడానికి రుజువు కాదు.